అతుకులో దూరిన నీళ్లు

పాత పికప్ బండిలో ముందు పోయేది ఇంజను కాదు, క్యాబిన్. క్యాబిన్‌లో ముందు పోయేది నడి రేకు కాదు, అతుకు. రేకు మధ్యలో గీత పడి తుప్పు పుడితే అది పైపైనే ఉంటుంది, ఉప్పు కాగితంతో రుద్ది రంగు కొడితే పోతుంది. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోట సంగతి వేరు. కప్పు అంచున వాననీళ్లు జారే గట్టరు, ముందు అద్దం కింది మూలలు, డోర్ పిల్లర్ పాదం, డ్రైవరు కాళ్ల కింది రేకు పక్క రేకును కలిసే గీత, ఈ చోట్లన్నిటా తుప్పు లోపల పుట్టి బయటికి నడుస్తుంది. రంగు మీద చిన్న బుడగ లేచేనాటికి లోపల రేకు సగం తినేసి ఉంటుంది. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోయే రోడ్డు పక్కన ఏ టింకరింగ్ షెడ్డు ముందు ఆగినా ఇలాంటి క్యాబిన్ ఒకటి కనబడుతుంది. సినిమాల్లో మా వైపు బండ్లు గాల్లోకి లేస్తాయి. నిజం బండ్లు మాత్రం అతుకుల దగ్గర పొడిపొడిగా నేలకు రాలతాయి.

అసలు ఈ అతుకు ఎక్కడి నుంచి వచ్చింది? మన లారీలకు చాలాకాలం క్యాబిన్ కట్టింది వడ్రంగులు. కంపెనీ నుంచి ఇంజను, ఛాసిస్, ముందు భాగం వచ్చేవి. మిగతాదంతా చెక్క చట్రం నిలబెట్టి, దాని మీద రేకు పరిచి మేకులు కొట్టేవాళ్లు. అమెరికాలోనూ, యూరప్‌లోనూ తొలి మోటారు బండ్ల కథ ఇంతే. గుర్రబ్బండ్లు చేసిన చేతులే మోటారు బండ్లకూ ఒళ్లు తయారు చేశాయి.

దాన్ని మార్చిన పని 1877లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. ఎలిహు థామ్సన్ అనే కుర్ర ఉపాధ్యాయుడు ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో కరెంటు గురించి ఉపన్యాసాలిస్తూ ఒక ప్రయోగం చూపిస్తున్నాడు. తీగల చివరలు ఒకదానికొకటి తాకిన చోట అతుక్కుపోవడం ఆయన కంట పడింది. రెండు లోహాలు తాకే చోట కరెంటుకు అడ్డు ఎక్కువ, అడ్డు ఉన్నచోట వేడి పుడుతుంది, ఆ వేడికి లోహం కరిగి కలిసిపోతుంది. ఆయన దీన్ని మనసులో పెట్టుకుని 1886లో పేటెంటు తీసుకున్నాడు. ఈనాటి స్పాట్ వెల్డింగుకు మూలం అదే. రెండు రాగి మొనల మధ్య రేకులు బిగించి, క్షణంపాటు కరెంటు వదిలితే లోపల చిన్న బొత్తాం అంత లోహం కరిగి గట్టిపడుతుంది. కడ్డీ అక్కర్లేదు, మంట అక్కర్లేదు, గొప్ప నైపుణ్యమూ అక్కర్లేదు.

అదే ఫిలడెల్ఫియాలో 1912లో ఎడ్వర్డ్ బడ్ కంపెనీ పెట్టాడు. వియన్నాలో పుట్టిన ఇంజనీరు జోసెఫ్ లెడ్వింకా ఆయనకు కుడిభుజం. చెక్క లేకుండా మొత్తం ఉక్కు రేకుతోనే ఒళ్లు చేయాలన్నది వాళ్ల పట్టు. డాడ్జ్ సోదరులు 1914లో తమ కొత్త కార్లకు ఆ ఒళ్లే తీసుకున్నారు. 1925 ఏప్రిల్‌లో ఫోర్డ్ మోడల్ టీకి వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మడంతో ఫ్యాక్టరీ పికప్ రోడ్డెక్కింది. మన దగ్గర టాటామొబైల్ 206 వచ్చేసరికి 1988 అయింది.

చెక్క పోయి వెల్డింగు వచ్చాక బండి గట్టిపడింది, చవకైంది, వేలల్లో తయారైంది. కానీ ఒక చిక్కు మిగిలింది. స్పాట్‌కూ స్పాట్‌కూ నడుమ రేకులు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయే తప్ప కలిసి ఉండవు. కాగితం మందం కూడా లేని ఆ సందులోకి రంగు పోదు, ప్రైమరు పోదు. నీళ్లు మాత్రం దీపం వత్తి నూనె పీల్చినట్టు తమంతట తామే ఎక్కిపోతాయి. ఈ ఆవిష్కరణ లాభం మొదటి రోజే కనిపించింది. నష్టం కొన్ని వానాకాలాలు గడిచాక గానీ తెలియలేదు.

నీళ్లు పోవడమైతే సరే, అతుకులోనే తుప్పు ఎందుకు ముదురుతుంది? బయట గాలీ నీళ్లూ రెండూ ఉన్నాయి కదా, అక్కడే ఎక్కువ రావాలి గదా అనిపిస్తుంది. దీన్ని విప్పి చెప్పినవాడు కేంబ్రిడ్జిలో పనిచేసిన యూలిక్ రిచర్డ్‌సన్ ఎవాన్స్. 1920లలో ఆయన ఉక్కు పలక మీద ఉప్పునీటి చుక్క పెట్టి చూశాడు. చుక్క అంచుకు గాలి బాగా అందుతుంది, నడిమికి అందదు. ఇనుము కరిగింది గాలి అందని నడిమిలోనే. అంటే ఒకే చుక్క కింద ఒకే రేకు చిన్న బ్యాటరీగా మారి, గాలి తగలని భాగం గాలి తగిలే భాగానికి బలైపోతోంది. అతుకులో జరిగేదీ అచ్చం ఇదే. సందు ఎంత లోతైతే గాలి అంత తక్కువ, ఇనుము అంత త్వరగా పోతుంది. పైగా తుప్పు ఇనుము కన్నా రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. లోపలే ఉబ్బి ఉబ్బి రేకులను విడదీసి చివరికి స్పాట్ వెల్డును కూడా తెంపేస్తుంది.

ఎవాన్స్ చుక్కలో ఉప్పు ఉందని మరిచిపోవద్దు. మంచు దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అందుకే అక్కడి బండ్లు కుళ్లిపోతాయంటారు. నంద్యాలలో మంచు లేదు, ఉప్పు చల్లేవాడూ లేడు. కానీ కె.సి. కాలువ కింద వరికీ, మహానంది అరటి తోటలకూ ఎరువు బస్తాలు మోసేది ఈ పికప్ బండ్లే. పొటాష్ అని మనం పిలిచేది పొటాషియం క్లోరైడు, వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. బస్తా చిరిగి రాలిన పొడి క్యాబిన్ వెనక రేకు అతుకులోకీ, కాళ్ల కింది రబ్బరు మ్యాటు కిందికీ చేరుతుంది. గాలిలో తేమను పీల్చి అక్కడే చెమ్మగా పడి ఉంటుంది. దీనికి తోడు నల్లరేగడి. ఎర్రమట్టి ఎండితే రాలిపోతుంది. రేగడి మాత్రం చక్రం పైన రేకు మడతల్లో దూరి గట్టిపడి, పై పెచ్చు ఎండినా లోపల తడి పట్టుకుని ఉంటుంది. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుడిలోకే నీళ్లొచ్చాయి. అలాంటి వరదలో ఒకసారి మునిగిన బండి డోర్ల కింది గుమ్మాల లోపల చేరిన ఒండ్రును ఎన్నిసార్లు వాటర్ సర్వీసింగ్ చేయించినా పూర్తిగా తీయలేం.

అతుకుకు మొట్టమొదట దొరికిన వైద్యం అందం కోసం పుట్టింది, రక్షణ కోసం కాదు. అమెరికా ఫ్యాక్టరీల్లో రేకుల కలయిక కనిపించకూడదని దాని మీద సీసం నింపేవాళ్లు. ఎక్కువ సీసం, తక్కువ తగరం కలిపిన ఆ మిశ్రమం 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెట్టినా ఒక్కసారిగా నీరైపోదు. ఇంకా కొన్ని పదుల డిగ్రీల దాకా మెత్తటి ముద్దగానే ఉంటుంది. ఆ కాస్త వ్యవధిలో మైనం పూసిన చెక్క తెడ్డుతో నునుపు చేసి, చల్లారాక ఆకురాయితో గీసేవాళ్లు. ముద్ద నింపే ముందు ఉక్కు మీద పలచగా తగరం పట్టించాలి. మన ఊళ్లలో కళాయి వేసేవాళ్లు చేసేది సరిగ్గా ఇదే పని. ఇత్తడి గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం రాసి, దూదితో తుడిచేవాళ్లు. నవాసారం లోహం మీది మకిలిని తినేస్తేనే తగరం పడుతుంది. గిన్నె నున్నగా ఉంటుంది గనక ఆ తర్వాత కడిగేయొచ్చు. బండి అతుకులో మిగిలిన అలాంటి మందును కడగడం కుదరదు. సీసం కింద అది ఉక్కును తింటూనే ఉండేది. పైన అద్దంలా మెరుస్తూ లోపల పుచ్చిన బండ్లు అలా తయారయ్యాయి. సీసం పొగ, పొడి పీల్చిన పనివాళ్ల ఆరోగ్యం మాట సరేసరి.

ఆ సీసం బాధ వదిలించుకోవాలని 1955లో మియామీలో షెడ్డు నడుపుతున్న రాబర్ట్ మెర్టన్ స్పింక్ ఒక ముద్ద కలిపాడు. పాలిస్టర్ రెసిన్‌లో టాల్క్ పొడి వేసి, వాడే ముందు కాస్త హార్డెనర్ కలిపితే నిమిషాల్లో రాయిలా అవుతుంది. బాండో అన్న పేరుతో అది లోకమంతా పాకింది. మన షెడ్లలో లప్పం అంటే ఇప్పుడు ఈ జాతిదే. సొట్టలు నింపడానికి దాన్ని మించింది లేదు. అతుకుకు మాత్రం అదే శత్రువు అంటాను. లప్పం తేమ పీలుస్తుంది. క్యాబిన్ రేకులు గతుకుల్లో ఎంతో కొంత కదులుతాయి, లప్పం కదలదు, కనక వెంట్రుకవాసి పగులు పడుతుంది. ఆ పగులులోంచి దూరిన నీళ్లకు బయటికి దారి ఉండదు. ఎం-సీల్ పెట్టినా జరిగేది చాలావరకు ఇదే. పైపు కారితే ఆపే సరుకది, ఊగే రేకుకు పనికొచ్చేది కాదు.

అయినా అతుకుల మీద లప్పమే పడుతోందంటే తప్పంతా మేస్త్రీలది కాదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. తేదీ దగ్గర పడ్డాక బండి షెడ్డుకు వస్తుంది. “పైన నున్నగా వస్తే సాలు మేస్త్రీ, లోపల ఎవురు సూస్తారు?” అంటాడు ఓనరు. “ఎవురూ సూడకపోయినా నీళ్లు ఊరుకోవు గదన్నా” అని మేస్త్రీ అనగలడు. కానీ రెండు రోజుల్లో బండి ఇవ్వమంటే అతను లప్పమే పెడతాడు.

ప్రైమరు కథలోనూ ఇలాంటి పొరపాటు ఒకటి ఉంది. ఒకప్పుడు వంతెనలకూ ఓడలకూ ఎర్ర సీసం పూసేవాళ్లు. నూనెతో కలిసినప్పుడు సీసం తయారుచేసే సబ్బుల్లాంటి పదార్థాలు తుప్పును నిజంగానే అడ్డుకునేవి. విషమని దాన్ని పక్కన పెట్టాక ఆ రంగులోనే రెడాక్సైడ్ చోటు సంపాదించింది. రెడాక్సైడ్ అంటే ఐరన్ ఆక్సైడు, పెద్ద తేడా లేకుండా తుప్పు జాతిదే. దానికి రంగు ఉంది, కప్పే గుణం ఉంది, తుప్పును ఎదిరించే గుణం మాత్రం లేదు. అందుకే భారత ప్రమాణం ఐఎస్ 2074 కింద వచ్చే ప్రైమరులో జింక్ క్రోమ్ కూడా కలపాలన్నారు. క్రోమ్ పొడి ఊపిరితిత్తులకు హాని, దాన్ని రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. వట్టి రెడాక్సైడ్ కొట్టి బండి బతికిందనుకోవడం మాత్రం ఎర్ర రంగును చూసి మోసపోవడమే.

ఉక్కు ఒంటినే మార్చే దారి 1906లో బర్మింగ్‌హామ్‌లో థామస్ వాట్స్ కోస్లెట్ చూపాడు. ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఇనుము మీద ఫాస్ఫేట్ పొర తెప్పించి పేటెంటు తీసుకున్నాడు. ఫాస్ఫరస్ ఇనుమును కాపాడగలదన్న సంగతికి సాక్ష్యం మన దేశంలో పదహారు వందల ఏళ్లుగా నిలబడి ఉంది. ఢిల్లీ ఇనుప స్తంభంలో ఫాస్ఫరస్ పాలు ఎక్కువ. దాని వల్ల పైన పలచని ఫాస్ఫేట్ పొర ఏర్పడి తుప్పును ఆపుతోందని ఐఐటీ కాన్పూరు శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే తుప్పు మందుల్లో చాలావాటికి మూలం ఈ ఫాస్ఫారిక్ ఆమ్లమే. ఇంకో రకం మందులో ఉండేది టానిక్ ఆమ్లం. అది తుప్పుతో కలిసి నల్లటి గట్టి పొరగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు ఈ నలుపు కొత్త కాదు. కరక్కాయ రసంలో ముంచిన గుడ్డ మీద, బెల్లపు నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన రసంతో గీస్తే నల్లగీత పడేది ఈ రసాయన చర్య వల్లే. కరక్కాయ నల్లమలలో దండిగా దొరుకుతుంది. అయితే పెచ్చులుగా లేచే తుప్పు మీద ఏ మందైనా దండగ. గీకి గీకి మిగిలిన పలచటి ఎరుపు మీదే అది పనిచేస్తుంది.

ఇక అతుకును మూయడం. ఇది ఎవరూ వెతకని చోట దొరికింది. 1926లో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ టైర్ల కంపెనీలో వాల్డో సెమన్ రబ్బరును లోహానికి అంటించే జిగురు కోసం తంటాలు పడుతున్నాడు. పనికిరానిదిగా పేరుపడ్డ పీవీసీని, అంత తొందరగా మరగని ఒక ద్రావకంలో వేడి చేసి చూశాడు. చల్లారాక వచ్చింది జిగురు కాదు, సాగే జెల్లీ. దేనికీ అంటుకోలేదు గానీ వంగింది, సాగింది, నీటిని దగ్గరికి రానివ్వలేదు. వానకోట్లు, వైర్ల తొడుగులు దానితోనే వచ్చాయి. తర్వాతి కాలంలో పీవీసీ పొడిని నూనెలాంటి ద్రవంలో కలిపి పేస్టుగా చేసి కార్ల ఫ్యాక్టరీల్లో అతుకుల మీద పూయసాగారు. బాడీ రంగు పొయ్యిలోకి పోయినప్పుడు ఆ పేస్టు వేడికి రబ్బరుగా మారుతుంది. లోహానికి అంటించాలనుకున్నవాడి చేతిలో పుట్టిన సరుకు చివరికి లోహం నడుమే కూర్చుంది.

రంగు మాట వచ్చింది కాబట్టి ఫోర్డ్ కంపెనీ జార్జ్ బ్రూయర్ సంగతీ చెప్పాలి. పెట్టెల్లా మూసుకున్న గుమ్మాల లోపలికి స్ప్రే పోక అక్కడే తుప్పు పట్టేది. బాడీ మొత్తాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి, రంగు రేణువులను లోపలి గోడలకు కూడా పట్టించే పద్ధతిని ఆయన 1960ల తొలినాళ్లలో పనిలో పెట్టాడు. 1976లో పీపీజీ కంపెనీ దాన్ని ఇంకా మెరుగుపరిచింది. అయినా గట్టిగా ఒత్తుకున్న రేకుల నడుమకు ఆ రంగు కూడా పూర్తిగా పోదు, అతుకును మూసే సీలెంటు అవసరం అలాగే ఉంది.

నంద్యాల షెడ్డులో తొట్టి లేదు, పొయ్యి లేదు. ఫ్యాక్టరీ పేస్టు తెచ్చి పూసినా అది ఆరదు. ఈ కొరత తీర్చింది పాలీయురెథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనిపెట్టిన పదార్థమిది. ఆయన పనిచేసిన కంపెనీ పేరూ బేయరే, చుట్టరికం మాత్రం లేదు. 1968లో స్విస్ కంపెనీ సికా, సికాఫ్లెక్స్ పేరుతో ట్యూబులో వచ్చే రకాన్ని అమ్మింది. ఇది గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది, రబ్బరులా సాగుతుంది. అతుకును చెడగొట్టే తేమతోనే అతుకును మూయడం నాకు ఈ కథంతటిలో నచ్చిన మలుపు. మే నెల వడగాలిలో తేమ తక్కువ కనక ఇది మెల్లగా ఆరుతుంది, వానాకాలంలో తొందరగా ఆరుతుంది. రోజుకు కొద్ది మిల్లీమీటర్ల లోతుకు మించి ఆరదు, కాబట్టి పూసిన సాయంత్రమే రంగు కొట్టమని తొందరపెట్టకూడదు.

సరుకు దొరికినంత మాత్రాన పని అయిపోదు, పని వరస అంతకన్నా ముఖ్యం. ఆళ్లగడ్డ శిల్పులు ఉలి పెట్టే ముందు రాతిని తట్టి నాదం వింటారు. లోపల పగులు ఉంటే రాయే చెబుతుంది. మంచి టింకరింగ్ మేస్త్రీ కూడా సుత్తి పిడితో అతుకు వెంబడి తట్టుతూ పోతాడు. ఖంగుమంటే రేకు, మొద్దుగా పలికితే పాత లప్పం. లప్పమూ పాత సీలెంటూ ఉన్న మేర అంతా గీకి, ఇనుప బ్రష్షుతో తోమాలి. గ్రైండరుతో మరీ అరగదీస్తే మిగిలిన మంచి రేకు కూడా పోతుంది. అతుకు ఉబ్బి విచ్చుకుని ఉంటే మందులతో లాభం లేదు. స్పాట్లు డ్రిల్ చేసి విప్పాలి, కుళ్లిన రేకు కోసేయాలి. కొత్త ముక్కను వీలైనంతవరకు అంచుకు అంచు ఆనించి వెల్డు చేయాలి. మీద మీద పెట్టి వెల్డు చేస్తే మరో అతుకు పుట్టించినట్టే. తప్పక అలా పెట్టాల్సి వస్తే, కలిసే రెండు ముఖాలకూ జింక్ ప్రైమరు ముందే పూయాలి. వెల్డింగు అయ్యాక అక్కడికి చెయ్యి పోదు. గ్యాస్ వెల్డింగు వేడికి పలచటి రేకు అలలు తిరుగుతుంది, అందుకే మిగ్ వెల్డింగుతో చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ చల్లారనిస్తూ పోవాలి.

ఫాస్ఫారిక్ ఆమ్లపు మందు పూశాక దాన్ని అతుకులో వదిలేయకూడదు, కడిగి బాగా ఆరబెట్టాలి. ఈ ఒక్క పనికి మన ఎండ పెద్ద వరం. మిట్టమధ్యాహ్నం బయట పెట్టిన క్యాబిన్ రేకును చేత్తో తాకలేం, సందులో ఒక్క చుక్క మిగలదు. తర్వాత ఎపాక్సీ ప్రైమరు. మొదటి కోటు కాస్త పలచగా కలిపి బ్రష్షుతో అతుకు గీత వెంబడి రాస్తే, నీళ్లను లాగిన సందే ప్రైమరునూ లోపలికి లాగుతుంది. అది ఆరాక సీలెంటు, దాని మీద రంగు. లప్పం పెట్టాల్సిన సొట్టలుంటే ప్రైమరు మీద పెట్టుకోవచ్చు, అతుకు మీద మాత్రం వద్దు. చివరగా గుమ్మాల లోపల, పిల్లర్ల లోపల మైనం కొట్టాలి. కాలిన ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు చాలామందికి ఉంది. అందులో ఆమ్లాలు ఉంటాయి, డోరు రబ్బర్లు ఉబ్బిపోతాయి.

రెండు తప్పులు మరీ ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, బాత్‌రూములకు వాడే సిలికాన్ ట్యూబు. ఆరేటప్పుడు వినిగర్ వాసన వచ్చే రకమైతే అది ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతున్నట్టు. అంటే తుప్పు ఆపడానికి పూసిన మందే ఉక్కు మీద ఆమ్లం చల్లుతోంది. పైగా సిలికాన్ మీద రంగు పట్టదు, మరోసారి వేరే సీలెంటు పూద్దామన్నా అంటదు. రెండోది, ఉత్సాహం ఎక్కువై డోరు కింద, గుమ్మం కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలను కూడా సీలెంటుతో మూసేయడం. నీళ్లు వచ్చే పైవైపు మూయాలి, పోయే కిందివైపు వదిలేయాలి. అన్నీ మూసిన క్యాబిన్ ఏదీ మూయని క్యాబిన్ కన్నా ముందు పోతుంది.

మీ బండిని షెడ్డుకు ఇచ్చేటప్పుడు రంగు షేడు ఎంచుకోవడంతో సరిపెట్టకండి. ప్రైమరు కొట్టిన రోజు ఒకసారి వెళ్లి గట్టరు, అద్దం మూలలు, కాళ్ల కింది రేకు చూసుకోండి. అతుకు గీత ఇంకా కనిపిస్తూ ఉందా, లేక లప్పం కింద మాయమైందా గమనించండి. సీలెంటుకూ, అది ఆరే రోజులకూ డబ్బు విడిగా ఇస్తామని మేస్త్రీకి ముందే చెప్పండి. ఫిట్‌నెస్ తేదీకి నెల ముందే బండి తీసుకెళ్లండి.